పిలిచినా పలకని సర్వర్: సిప్ రిజిస్ట్రేషన్ ఎక్కడ ఆగిపోతుంది?

ఇంటర్నెట్ ద్వారా ఫోన్ కాల్స్ కలిపే ఆస్టరిస్క్ అనే ప్రోగ్రామ్ సర్వర్‌లో నడుస్తోంది. ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోను నంబరు) సృష్టించారు. ఐపీ ఫోనులో సర్వర్ చిరునామా, ఎక్స్‌టెన్షన్ నంబరు, పాస్‌వర్డ్ నింపారు. ఫోను తెర మీద ‘రిజిస్టర్ అవుతోంది’ అన్న మాట అర నిమిషం నిలిచి, ఆ తర్వాత ‘విఫలమైంది’ అని మారుతుంది. సర్వర్ లాగ్ తెరిచి చూస్తే ఆ ఫోను గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. ఇలాంటప్పుడు ఎక్కువమంది మొదట చేసే పని పాస్‌వర్డ్ మార్చడం. దానితో ఫలితం లేకపోతే ఎక్స్‌టెన్షన్ తీసేసి మళ్లీ సృష్టిస్తారు. చివరికి సర్వర్‌నే కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తారు. ఇంత శ్రమా వృథా అవుతుంది, ఎందుకంటే సర్వర్ తిరస్కరించడం వేరు, పలకకపోవడం వేరు. పాస్‌వర్డ్ తప్పయితే సర్వర్ తిరస్కరిస్తుంది. మౌనానికి కారణం దాదాపు ఎప్పుడూ మరోచోట ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే రిజిస్ట్రేషన్ సంభాషణ, అంటే ‘నేనిక్కడున్నాను’ అని ఫోను సర్వర్‌కు చెప్పుకోవడం, ఎలా సాగుతుందో చూడాలి. ఇంటర్నెట్ టెలిఫోనీలో ఎక్కువగా వాడే సిప్ ప్రోటోకాల్‌కు 2002 జూన్‌లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 3261 అనే పత్రం మూల ప్రమాణం. దాని ప్రకారం ఫోను మొదట పాస్‌వర్డ్ వివరాలేవీ లేకుండానే రిజిస్టర్ అభ్యర్థన పంపుతుంది. సర్వర్ 401 అనే జవాబుతో పాటు నాన్స్ అనే ఒక యాదృచ్ఛిక సంకేతాన్ని పంపి, ‘నువ్వెవరో రుజువు చేసుకో’ అంటుంది. ఫోను ఆ సంకేతాన్నీ పాస్‌వర్డ్‌నూ కలిపి లెక్కగట్టిన విలువతో రెండో అభ్యర్థన పంపుతుంది. అది సరిపోతే ‘సరే’ అనే 200 వస్తుంది. సరిపోకపోతే మళ్లీ 401 గానీ, ‘అనుమతి లేదు’ అనే 403 గానీ వస్తుంది. ఆస్టరిస్క్‌లో సిప్‌ను నడిపే పీజేసిప్ మాడ్యూల్‌లో ఆ నంబరుకు ఏఓఆర్ అనే విభాగం (ఫోను ప్రస్తుత చిరునామా నమోదయ్యే చోటు) లేకపోతే ‘దొరకలేదు’ అనే 404 వస్తుంది. ఆ విభాగంలో ఎన్ని ఫోన్లు నమోదు కావచ్చో చెప్పే మ్యాక్స్ కాంటాక్ట్స్ విలువ పెట్టడం మరిచిపోతే, దాని సహజ విలువ సున్నా కాబట్టి 403 వస్తుంది. ఇవన్నీ జవాబులే.

సర్వర్‌లో అసలు లేనే లేని పేరుతో ఎవరైనా వస్తే? అప్పుడు కూడా ఆస్టరిస్క్ 401తో సవాలు విసురుతుంది. ఏ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో, ఏవి లేవో బయటివారు పసిగట్టకుండా చేసిన ఏర్పాటు అది. అంటే మొదటి రిజిస్టర్ అభ్యర్థనకు పాస్‌వర్డ్‌తో గానీ ఎక్స్‌టెన్షన్‌తో గానీ నిమిత్తం లేకుండా ఏదో ఒక జవాబు రావాలి. అది కూడా రాలేదంటే ఆకృతీకరణ ఫైలులో పేర్లూ పాస్‌వర్డులూ వెతకడం మానేసి, ప్యాకెట్ (నెట్‌వర్క్ మీద వెళ్లే సందేశపు మూట) ఎక్కడ చచ్చిపోయిందో వెతకాలి.

ఫోను చూపించే సంఖ్యతో ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చాలా ఫోన్లు ఈ సందర్భంలో 408 అని చూపిస్తాయి. దాన్ని సర్వర్ పంపిందని అనుకుని, ‘సర్వర్ పలుకుతోంది కదా’ అన్న తప్పు నిర్ణయానికి వస్తారు. నిజానికి ఆ సంఖ్యను ఎక్కువసార్లు ఫోనే తనకు తాను చెప్పుకుంటుంది. గడువు లోపల జవాబు రాకపోతే 408 వచ్చినట్టే భావించాలని ప్రమాణం చెబుతోంది. సందేశం చేరిందో లేదో తాను చూసుకోని యూడీపీ అనే రవాణా పద్ధతి మీద ఫోను తన అభ్యర్థనను అర సెకను తర్వాత, ఆపై ఒక సెకను, రెండు సెకన్లు, నాలుగు సెకన్ల విరామాలతో, ఆ తర్వాత ప్రతి నాలుగు సెకన్లకూ తిరిగి పంపుతూ ఉంటుంది. 32 సెకన్లు గడిచాక వదిలేస్తుంది. ప్యాకెట్లను పట్టి చూసినప్పుడు ఒకే అభ్యర్థన ఈ లయలో పదకొండుసార్లు కనిపిస్తే, ఫోనుకు ఒక్క జవాబూ అందలేదని అర్థం.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? సర్వర్ దగ్గర, రెండు స్థానాల్లో ఒకేసారి. ఒక టెర్మినల్‌లో ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ లేదా ఎస్ఎన్‌గ్రెప్ పెట్టి, సిప్ సాధారణంగా వాడే 5060 పోర్టును గమనించండి. మరో టెర్మినల్‌లో ఆస్టరిస్క్ కన్సోల్ తెరిచి ‘పీజేసిప్ సెట్ లాగర్ ఆన్’ అన్న ఆదేశం ఇవ్వండి. పాత చాన్ సిప్ మాడ్యూల్ వాడుతున్నవారికి ‘సిప్ సెట్ డీబగ్ ఆన్’ అనేది దానికి సమానం. ఆ మాడ్యూల్‌ను 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21 నుంచి పూర్తిగా తొలగించారు. వెర్షన్ మార్చిన వెంటనే ఫోన్లన్నీ మూగబోయినవారు ముందుగా ఈ సంగతే సరిచూసుకోవాలి.

ఈ రెండు స్థానాలకూ తేడా ఉంది. వచ్చే ప్యాకెట్‌ను టీసీపీడంప్ నెట్‌వర్క్ కార్డు దగ్గరే, ఫైర్‌వాల్ నియమాలు దాన్ని తాకకముందే చూస్తుంది. ఆస్టరిస్క్ లాగర్‌కు కనిపించేది మాత్రం ఆ వడపోతలన్నీ దాటి ప్రోగ్రామ్ చేతికి అందినదే. కాబట్టి మూడు దృశ్యాల్లో ఒకటి ఎదురవుతుంది: ఒకటి, రెండింటిలోనూ ఏమీ లేదు; రెండు, టీసీపీడంప్‌లో ఉంది, ఆస్టరిస్క్‌లో లేదు; మూడు, రెండింటిలోనూ ఉంది, జవాబు కూడా బయల్దేరింది, అయినా ఫోనుకు చేరలేదు. వీటిలో ఏదో తేలేవరకు ఏ ఫైలూ మార్చకండి.

ప్యాకెట్ అసలు రాకపోతే

ఇది సులువైనది. సర్వర్ క్లౌడ్‌లో ఉంటే సెక్యూరిటీ గ్రూపులో (క్లౌడ్ సంస్థ వైపు ఉండే ఫైర్‌వాల్) 5060 పోర్టును టీసీపీకి (ముందు కనెక్షన్ కుదుర్చుకునే రవాణా పద్ధతి) మాత్రమే తెరిచి, యూడీపీని మరిచిపోవడం తరచుగా కనిపించే కారణం. ఆ వడపోత సర్వర్‌కు బయటే జరుగుతుంది కాబట్టి సర్వర్‌లోని ఏ పరికరానికీ దాని ఆనవాలు దొరకదు.

పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ కూడా మోసం చేస్తుంది. ఫోనులో పేరు ఇచ్చినప్పుడు, ఆ పేరుకు ఐపీవీ6 చిరునామా కూడా ఉంటే ఫోను అటు వెళ్లవచ్చు. ఆస్టరిస్క్ ఐపీవీ4 మీద మాత్రమే వింటూ ఉండవచ్చు. ఒక సేవ ఏ యంత్రంలో ఉందో చెప్పే ఎస్ఆర్‌వీ అనే డీఎన్ఎస్ రికార్డు పాత సర్వర్‌ను చూపుతుంటే అభ్యర్థన ఏనాడో ఆపేసిన యంత్రం వైపు వెళుతుంది. పేరు బదులు నేరుగా ఐపీ చిరునామా ఇచ్చి చూస్తే ఈ అనుమానం ఒక్క నిమిషంలో తీరిపోతుంది.

ఇంటి రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఉంటుంది. సిప్ సందేశంలోని ప్రైవేటు చిరునామాలను సరిచేసి సాయపడాలన్నది దాని ఉద్దేశం. చాలా రౌటర్లలో అది సందేశాన్ని పాడుచేయడమే ఎక్కువ. దాన్ని ఆపేయండి. ఆపే వీలు రౌటర్‌లో కనిపించకపోతే సర్వర్‌ను 5060 కాకుండా వేరే పోర్టు మీద వినేలా చేసి చూడండి. ఏఎల్‌జీలు సాధారణంగా 5060నే కనిపెట్టుకుని ఉంటాయి.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు సంబంధించిన విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. హైదరాబాద్‌లోనో కరీంనగర్‌లోనో సొంత సర్వర్ పెట్టి, దుబాయ్‌లో ఉన్న అన్నకో భర్తకో ఎక్స్‌టెన్షన్ ఇచ్చేవారున్నారు. ఇక్కడ చక్కగా పనిచేసిన ఫోను అక్కడ పలకకపోతే తప్పు సర్వర్‌ది కాకపోవచ్చు. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ కాల్ సేవలు అనుమతి పొందిన సంస్థల ద్వారానే నడవాలి. అనుమతి లేని వాటిని నెట్‌వర్క్ స్థాయిలోనే అడ్డుకుంటారు. ప్యాకెట్ అక్కడే ఆగిపోతుంది, సర్వర్‌లో ఎంత వెతికినా దొరకదు. అడ్డదారిలో దాన్ని దాటించే ప్రయత్నం అక్కడున్న మనిషిని చట్టపరమైన చిక్కుల్లో పడేయగలదు. ఆ దేశం అనుమతించిన యాప్ ఏదో కనుక్కుని దానితో మాట్లాడుకోవడమే క్షేమం.

వచ్చింది, కానీ ఆస్టరిస్క్‌కు అందలేదు

అసలు చిక్కంతా ఈ దృశ్యంలోనే ఉంది. కార్డు దాకా వచ్చిన ప్యాకెట్‌ను ప్రోగ్రామ్‌కు చేరకముందే ఎవరో మింగేశారు. ఆ ఎవరో చాలాసార్లు ఫెయిల్‌టుబ్యాన్.

ఇంటర్నెట్‌కు తెరిచిన ఏ సిప్ సర్వర్‌కైనా పాస్‌వర్డులు ఊహిస్తూ తట్టే రోబోల బెడద తప్పదు. వాటిని ఆపడానికి ఫెయిల్‌టుబ్యాన్ లాగ్‌లను చదువుతుంది. ఒకే చిరునామా నుంచి విఫల ప్రయత్నాలు పరిమితి దాటితే ఆ చిరునామాను ఫైర్‌వాల్‌లో నిషేధిస్తుంది. దాని సహజ అమరికలో ఆస్టరిస్క్‌కైతే పది నిమిషాల్లో పది వైఫల్యాలకు పది నిమిషాల నిషేధం. చాలామంది దీన్ని గంటలకూ రోజులకూ పెంచుకుంటారు. ఈ ఏర్పాటు మంచిదే, తీసేయకూడదు. అయితే అది చూసేది చిరునామాను, ఫోనును కాదు. ఒక శాఖా కార్యాలయంలోని ఫోన్లన్నీ ఒకే పబ్లిక్ చిరునామా వెనుక ఉంటాయి. అందులో ఒక్క ఫోనుకు పాత పాస్‌వర్డ్ మిగిలిపోతే, అది పదేపదే విఫలమై కార్యాలయం మొత్తాన్నీ నిషేధంలోకి నెడుతుంది. మొబైల్ డేటా మీద పనిచేసే సాఫ్ట్‌ఫోన్లది ఇంకా ఇబ్బందికర పరిస్థితి. మన దేశంలో మొబైల్ కంపెనీలు ఒక్కో ఐపీవీ4 చిరునామాను ఎందరో చందాదారుల మధ్య పంచుతాయి. ఎవరో చేసిన తప్పుకు మీ సహోద్యోగి ఫోను మూగబోవచ్చు.

పాస్‌వర్డ్ ఊరికే మారుస్తూ ఉండటం ఎందుకు ప్రమాదమో కూడా ఇక్కడే తెలుస్తుంది. మొదట్లో సమస్య మరేదో అయినా, ఆ ప్రయోగాల్లో జరిగిన వైఫల్యాలు కొత్తగా నిషేధాన్ని తెచ్చిపెడతాయి. అప్పుడు అసలు కారణాన్ని సరిచేసినా సర్వర్ పలకదు. పనిచేసే ఫోను ఉన్నట్టుండి ఆగి, కొంతసేపటికి తనంతట తానే పనిచేసి, మళ్లీ ఆగిపోతుంటే ముందుగా నిషేధాల జాబితా చూడండి. మీ కార్యాలయానికి స్థిర చిరునామా ఉంటే దాన్ని మినహాయింపు జాబితాలో చేర్చండి. పరీక్ష కోసమని ఫైర్‌వాల్‌నే ఆపేసి అలాగే వదిలేయడం మాత్రం వద్దు. దొంగచేతికి చిక్కిన ఎక్స్‌టెన్షన్ నుంచి రాత్రికి రాత్రి విదేశాలకు వెళ్లే కాల్స్ బిల్లు భరించేది మీరే.

ఫైర్‌వాల్ శుభ్రంగా ఉన్నా ప్యాకెట్ మాయమైతే, సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు ఉన్నాయేమో చూడండి. లైనక్స్‌లో ఆర్‌పీ ఫిల్టర్ అనే తనిఖీ ఉంది. ఒక చిరునామా నుంచి ప్యాకెట్ వచ్చినప్పుడు, అదే చిరునామాకు జవాబు పంపాల్సి వస్తే ఏ కార్డు గుండా వెళ్తుందో కెర్నల్ లెక్క చూస్తుంది. వచ్చిన కార్డు, వెళ్లాల్సిన కార్డు ఒకటి కాకపోతే, ఈ తనిఖీ విలువ 1గా ఉన్నప్పుడు ప్యాకెట్‌ను చెప్పాపెట్టకుండా పారేస్తుంది. ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్ నియమాల్లో దీని జాడ ఉండదు. మార్షియన్ ప్యాకెట్ల (రాకూడని దారిన వచ్చినవాటి) లాగింగ్ తెరిస్తే కెర్నల్ సందేశాల్లో పట్టుబడుతుంది. విలువను 2కు మారిస్తే తనిఖీ సడలుతుంది, కానీ రూటింగ్‌ను సరిచేయడమే అసలైన మందు.

ప్రోగ్రామ్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే డాకర్‌లో ఆస్టరిస్క్ పెట్టుకున్నవారిని వేధించే మరో సమస్య ఉంది. కంటైనర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడతారు. చాలా ఫోన్లు తిరిగి రిజిస్టర్ అవుతాయి, ఒకటి రెండు మాత్రం ఎంతకీ కావు. దీనికి కారణం కనెక్షన్ ట్రాకింగ్ పట్టిక. లైనక్స్ చిరునామా మార్పిడి నియమాలను ఒక ప్రవాహంలోని మొదటి ప్యాకెట్‌కే చూస్తుంది, ఆ తర్వాతి ప్యాకెట్లన్నీ పట్టికలో రాసుకున్న దారినే పోతాయి. కంటైనర్ ఆగివున్న ఆ కొద్ది వ్యవధిలో ఫోను పంపిన ప్యాకెట్ వల్ల ‘ఈ ప్రవాహం కంటైనర్‌కు కాదు, దాన్ని నడిపే యంత్రానికే’ అన్న నమోదు పడిపోతుంది. జవాబు లేని యూడీపీ నమోదుకు సాధారణ ఆయువు 30 సెకన్లు. కానీ ఫోను అంతకన్నా ముందే మళ్లీ ప్రయత్నిస్తూ ఉండటంతో ఆ నమోదు ఎప్పటికీ చావదు. కంటైనర్ లేచినా ఆ ఫోను ప్యాకెట్లు పాత దారినే పట్టుకుంటాయి. కాన్‌ట్రాక్ ఆదేశంతో 5060కి చెందిన యూడీపీ నమోదులను తుడిచేస్తే ఫోను తర్వాతి ప్రయత్నంలోనే రిజిస్టర్ అవుతుంది. ఫోను ఆపి ఒక నిమిషం ఆగి వెలిగించినా అదే ఫలితం రావడానికి కారణం కూడా ఇదే.

వినే ప్రోగ్రామ్ వైపు తప్పులు ఇన్ని ఉండవు. ఆస్టరిస్క్ 127.0.0.1 (యంత్రం లోపలికే పరిమితమైన చిరునామా) మీద మాత్రమే వింటూ ఉండవచ్చు, దాన్ని ఎస్ఎస్ ఆదేశం చూపిస్తుంది. పీజేసిప్‌లో ఏ చిరునామా, పోర్టు మీద వినాలో చెప్పే ట్రాన్స్‌పోర్ట్ విభాగాన్ని మార్చి రీలోడ్ చేస్తే ఆ మార్పు సహజ అమరికలో అమలు కాదు, ఆస్టరిస్క్‌ను పూర్తిగా ఆపి మొదలుపెట్టాలి. సందేశ వ్యాకరణం తప్పుగా ఉంటే పీజేసిప్ దాన్ని పారేసి లాగ్‌లో ఒక వాక్యం రాస్తుంది. ముందు వరసలో సిప్ సందేశాలను అందుకుని ఆస్టరిస్క్‌కు పంపే కమాయిలియో అనే ప్రాక్సీ ఉంటే దాని స్క్రిప్టును చదవాలి. దానితో పాటు వచ్చే నమూనా స్క్రిప్టులోనే, స్కానర్లుగా పేరుపడ్డ యూజర్ ఏజెంట్ల (అభ్యర్థన పంపే ప్రోగ్రామ్‌ల) అభ్యర్థనలకు జవాబివ్వకుండా వదిలేసే నియమం ఉంది. ఆ పేర్లలో ‘సిప్‌సీఎల్ఐ’ కూడా ఒకటి. పరీక్షకు మీరు వాడే పరికరం అదే పేరు చెప్పుకుంటే సర్వర్ కావాలనే మౌనం వహిస్తుంది.

ఆస్టరిస్క్ కూడా కావాలని మౌనంగా ఉండే సందర్భం ఒకటి ఉంది, దాని గురించి తెలిసినవారు తక్కువ. లోపలి పనుల వరుస పరిమితికి మించి పేరుకుపోతే, పీజేసిప్ కొత్త అభ్యర్థనలను యూడీపీ మీద అయితే పట్టించుకోదు. ఫోను ఎలాగూ మళ్లీ పంపుతుంది, అప్పటికి భారం తగ్గవచ్చన్నది ఆలోచన. టీసీపీ వంటి వాటి మీద అయితే 503 జవాబిస్తుంది. కరెంటు పోయి వచ్చాక వందల ఫోన్లు ఒకేసారి రిజిస్టర్ కావడానికి ఎగబడినప్పుడు, లేదా ఎక్స్‌టెన్షన్ల వివరాలు నెమ్మదైన డేటాబేస్ నుంచి వస్తున్నప్పుడు ఇది జరుగుతుంది. ‘కోర్ షో టాస్క్‌ప్రాసెసర్స్’ అన్న ఆదేశం ఏ వరుస ఎంత పొడవు పెరిగిందో చూపిస్తుంది. పాత చాన్ సిప్‌లో ఇలాంటి స్థితిని డీఎన్ఎస్ తెచ్చిపెట్టేది. బయటి ట్రంకు (టెలిఫోన్ సంస్థకు కలిపే లైను) పేరును వెతుకుతూ అది ఆగిపోతే, పక్క గదిలోని ఫోన్లకు కూడా జవాబు ఉండేది కాదు.

జవాబు వెళ్లింది, దారి తప్పింది

మూడో దృశ్యంలో సర్వర్ నిర్దోషిలా కనిపిస్తుంది. రిజిస్టర్ వస్తోంది, 401 వెళ్తోంది, మళ్లీ అదే రిజిస్టర్ వస్తోంది. ఇక్కడ చూడాల్సినవి అభ్యర్థన వరుసను తెలిపే సీసెక్ సంఖ్య, జవాబు ఏ దారిన రావాలో చెప్పే వయా హెడర్‌లోని బ్రాంచ్ విలువ. రెండూ మారకుండా అభ్యర్థన మళ్లీ వస్తుంటే ఫోను 401ను వినలేదు. సీసెక్ పెరిగి, పాస్‌వర్డ్ వివరాలున్న హెడర్ కూడా వస్తుంటే ఫోను విన్నది, సమస్య నిజంగా పాస్‌వర్డ్ వైపు ఉంది. ఈ ఒక్క పరిశీలన ఎంతో సమయాన్ని మిగులుస్తుంది.

జవాబు ఎందుకు దారి తప్పుతుంది? ఉత్తరం రాసినవారు లోపల వేసుకున్న చిరునామా ఒకటి, కవరు మీద పడ్డ తపాలా ముద్ర మరొక ఊరిది అయితే జవాబు ఎక్కడికి రాయాలన్న ప్రశ్న లాంటిది ఇది. ఫోను తన వయా హెడర్‌లో 192.168తో మొదలయ్యే ప్రైవేటు చిరునామా, 5060 పోర్టు రాస్తుంది. దారిలో రౌటర్ ప్యాకెట్ పై చిరునామానూ పోర్టునూ మార్చేస్తుంది, లోపలి రాతను మార్చదు. మూల ప్రమాణం ప్రకారం సర్వర్ జవాబును ప్యాకెట్ వచ్చిన చిరునామాకే పంపుతుంది, పోర్టు మాత్రం వయాలో రాసినదే తీసుకుంటుంది. రౌటర్ ఆ పోర్టును కేటాయించలేదు కాబట్టి జవాబును గుమ్మం దగ్గరే పడేస్తుంది. ఈ లోటును పూడ్చడానికే 2003లో ఆర్ఎఫ్‌సీ 3581 ఆర్‌పోర్ట్ అనే పద్ధతిని తెచ్చింది. ఫోను అలా కోరితే సర్వర్ ప్యాకెట్ వచ్చిన పోర్టుకే జవాబు పంపుతుంది. ఆస్టరిస్క్ పీజేసిప్‌లో ఫోర్స్ ఆర్‌పోర్ట్ మొదటి నుంచే ‘ఎస్’గా ఉంటుంది. ఎవరైనా దాన్ని ‘నో’ చేశారేమో చూడండి.

సర్వర్‌కు ఒకటికన్నా ఎక్కువ చిరునామాలుంటే ఇంకో తిరకాసు ఉంది. ఫోను ఒక చిరునామాకు అభ్యర్థన పంపుతుంది. ఆస్టరిస్క్ 0.0.0.0 మీద, అంటే అన్ని చిరునామాల మీదా, వింటున్నప్పుడు జవాబుకు ఏ చిరునామా తగిలించాలో రూటింగ్ పట్టికను బట్టి కెర్నల్ నిర్ణయిస్తుంది, అది రెండోది కావచ్చు. తాను పలకరించని చిరునామా నుంచి వచ్చిన జవాబును ఫోను ముందున్న రౌటర్ లోపలికి రానివ్వదు. ట్రాన్స్‌పోర్ట్‌ను నిర్దిష్టమైన చిరునామాకు కట్టేస్తే సరిపోతుంది.

చివరగా, సగం మౌనం. 401 ఫోనుకు చేరుతుంది, పాస్‌వర్డ్ వివరాలున్న రెండో రిజిస్టర్ మాత్రం సర్వర్‌కు కనిపించదు. రెండో సందేశం మొదటిదానికన్నా పెద్దది. హెడర్లు ఎక్కువ పెట్టే ఫోన్లలో అది 1500 బైట్ల హద్దును దాటితే రెండు ముక్కలవుతుంది. ముక్కలైన యూడీపీ ప్యాకెట్లను కొన్ని ఫైర్‌వాల్‌లు, రౌటర్లు పారేస్తాయి. దారి పరిమాణం తెలియనప్పుడు 1300 బైట్లు దాటే సందేశాన్ని టీసీపీ మీద పంపాలని ఆర్ఎఫ్‌సీ 3261 చెబుతున్నా, పాటించని ఫోన్లు ఉన్నాయి. ఇలాంటి చోట ఫోనునూ ఆస్టరిస్క్ ట్రాన్స్‌పోర్ట్‌నూ టీసీపీకి, వీలైతే 5061 పోర్టు మీద సందేశాన్ని గుప్తీకరించే టీఎల్ఎస్‌కు మార్చండి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. టీసీపీలో సిప్ సందేశం వెళ్లకముందే కనెక్షన్ కుదరాలి. అది కుదరకపోతే దారిలోనో ఫైర్‌వాల్‌లోనో అడ్డు ఉందని లేదా ఆ పోర్టు మీద సర్వర్ వినడం లేదని, కుదిరాక కూడా జవాబు రాకపోతే వెతకాల్సింది సర్వర్ ప్రోగ్రామ్ లోపలే అని మొదటి ప్రయత్నంలోనే తేలిపోతుంది.